రెండు మెట్లు దిగిన పాట

"మూడులో పెట్టండి నాయనా," అంది రెమేదియోస్ అత్త, పాట మధ్యలో ఆపేసి.

ఆ మాట పక్కనున్న గిటారుతో అని ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆవిడ వెనక్కి తిరిగి, అర్ధచంద్రాకారంలో కూర్చున్న అరవై రెండు మంది వాద్యబృందంతో అంది. స్పెయిన్‌లో ఫ్లమెంకో పాడే మనిషికి ఆ పూట గొంతు బరువుగా ఉంటే గిటారువాడికి ఒక అంకె చెబుతుంది. వాడు గిటారు మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే కాపోను వదులు చేసి, ఆ అంకె మెట్టు మీదికి జరిపి, మళ్ళీ బిగిస్తాడు. ఆరు తీగలూ ఒక్కసారే గొంతు దగ్గరికి దిగి వస్తాయి. దాని పేరు కాపో, పని కాపు కాయడం. యాభై ఏళ్ళుగా అత్త ఇలాగే అడిగింది, ఎవడో ఒకడు ఇలాగే జరిపాడు. ఒక్కడు అరక్షణంలో చేసే పని అరవై రెండు మంది చదువుకున్నవాళ్ళు చెయ్యలేరా అనుకుంది. వయొలిన్లకు మెడలున్నాయి. సెల్లోలకైతే ఇంకా పొడుగు మెడలున్నాయి.

రెండో వరస వయొలిన్లలో ఎవరో ముక్కుతో నవ్వారు. నవ్వు పక్క స్టాండుకు అంటుకుని బూరల దాకా పాకింది. బూర ఊదేవాడొకడు ఆపుకోలేక బూరలోకే నవ్వాడు. అది ఆవు అరిచినట్టు వినబడేసరికి మిగిలినవాళ్ళూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. అత్త కూడా వాళ్ళతో పాటు నవ్వింది, ఎందుకో తెలియకుండానే. తర్వాత శాలువా కొసలు రెండూ దగ్గరికి లాక్కుంది.

ఇసీద్రో మొన్హె నవ్వలేదు. గిటారు ఒళ్ళో పెట్టుకుని, కాపో మీద బొటనవేలు ఆనించి కూర్చున్నాడు. వాళ్ళు సాధన చేస్తున్నది అతను రాసిన కచేరీనే. గిటారుకూ, ఒక గొంతుకూ, వాద్యబృందానికీ కలిపి మూడేళ్ళు కూర్చుని రాశాడు. రెండో భాగం మొత్తం సిగిరియా, ఏడుపుకు చెల్లెలి లాంటి ఫ్లమెంకో పాట. అందులో అత్త గొంతు కింద సెల్లోల ఖాళీ తీగ ఒకటి, వేలు ఆనించకుండా మోగేది, సన్నగా మొదలవుతుంది, దాని మీద మిగిలిన తీగలన్నీ ఒక్కొక్కటిగా లేస్తాయి. ఆ ఖాళీ తీగ మోగేది ఐదో మెట్టు శ్రుతిలో మాత్రమే. రాసిన రోజుల్లో అత్త ఐదులోనే పాడేది. మనిషి గొంతును కాగితం మీద పెడితే అది పెట్టినచోటే ఉంటుందనుకున్నాడు. అతని పొరపాటల్లా అదే. డెబ్భై ఒకటో ఏట గొంతు కాగితం మాట వినడం మానేసింది.

"ఇంకోసారి చూద్దామా సెన్యోరా?" అన్నాడు కండక్టరు లెయాంద్రో. ఈయన టిక్కెట్లు కొట్టడు గానీ ఎవరు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఈయనే చెబుతాడు. ఉత్తరాది మనిషి, నలభై దాటలేదు, ఎవర్నీ గొంతెత్తి అనడు.

ఇంకోసారి చూశారు. పై స్వరం దగ్గరికి వచ్చేసరికి అత్త మెడ నరాలు తేలాయి, గొంతు మాత్రం తేలలేదు. మూడోసారీ అంతే. సెల్లోలు కాగితంలో ఉన్నచోట మొదలుపెట్టి, కాగితంలో ఉన్నచోటికి వెళ్ళిపోయాయి. అత్త వెనకే మిగిలిపోయింది, బస్సు తప్పిపోయిన మనిషిలా.

విరామంలో లెయాంద్రో ఇసీద్రోను పక్కగదిలోకి పిలిచాడు.

"మాస్టారూ, ఒక్క నిమిషం."

"చెప్పండి మాస్టారూ."

ఆ హెరెస్ ఊళ్ళో రొట్టెలు కాల్చేవాణ్ణీ మాస్టారనే అంటారు, ఎద్దును పొడిచేవాణ్ణీ మాస్టారనే అంటారు. కాబట్టి ఇద్దరిలో ఎవరికీ తల తిరగలేదు.

"రెమేదియోస్ గారు గొప్ప కళాకారిణి. అందులో నాకేం అనుమానం లేదు."

"కానీ," అన్నాడు ఇసీద్రో, ఆయన తరఫున.

"కానీ ఆదివారం రేడియో రికార్డింగు. మ్యూనిక్ నుంచి మీ పబ్లిషరు దానికోసమే వస్తున్నాడు. ఆ పై స్వరం మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అందలేదు."

"మొత్తం శ్రుతి దించితే?"

"ఎంత దించమంటారు? ఇవాళ రెండు మెట్లు. రేపు ఎంతో? ఆదివారం ఎంతో? ఏ శ్రుతిలో ముద్రించాలో చెప్పండి, రాత్రికి రాత్రి ముద్రిస్తాను. మీ ఖాళీ తీగ పోతుంది, అది వేరే సంగతి."

ఆదివారం గొంతు ఏ మెట్టు మీద కూర్చుంటుందో ఆదివారమే తెలుస్తుంది. అది అత్తక్కూడా ముందు తెలియదు.

"నోయేలియాకు ఫోన్ చేశాను," అన్నాడు లెయాంద్రో. "ఊరికే, ఖాళీగా ఉందా అని."

"ఉందా?"

"ఉంది. కాగితం చూసి పాడుతుంది. ఏ శ్రుతిలోనైనా పాడుతుంది."

నోయేలియా మంచి పిల్ల. కన్సర్వేటరీలో చదివింది, ఎక్కడా తప్పు పాడదు. ఆ పిల్ల మీద ఇసీద్రోకున్న ఫిర్యాదు కూడా అదొక్కటే.

"రెమేదియోస్ గారికి మీరు చెబితేనే బాగుంటుంది. మీ మనిషి కదా."

మీ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఇసీద్రో ఈ మాటకూ, 'వాళ్ళ మనిషి' అనే దీని తోబుట్టువుకూ మధ్య నలుగుతున్నాడు. ఇటు గితానోల, అంటే స్పెయిన్ జిప్సీల, వాడలో అతనికి నోటరీ అని పేరు, వేళ్ళతో వాయించాల్సింది పోయి కలంతో నోట్లు రాస్తాడని. అటు కచేరీ హాళ్ళలో 'మన జిప్సీ మిత్రుడు' అని పరిచయం చేస్తారు, మిత్రుడి మీద కంటే జిప్సీ మీద ఎక్కువ ఒత్తు పెట్టి. అటువాళ్ళకు ఇతని తాళం అర్థం కాదు, ఇటువాళ్ళకు ఇతని తాళంచెవి అక్కర్లేదు. వంతెన అని పొగిడారు పత్రికలవాళ్ళు. వంతెన మీద అందరూ నడుస్తారు, ఎవరూ కాపురం ఉండరు.

"రేపు చెబుతాను," అన్నాడు.

శుక్రవారం పొద్దున గితానోలుండే శాంతియాగో వాడలో అత్త ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వంటింటి బల్ల ముందు కూర్చుని తగర్నీనాలు బాగుచేస్తోంది. చేల గట్ల మీద మొలిచే ముళ్ళ మొక్కలవి. ఆకుల అంచు ముళ్ళన్నీ చాకుతో గీరేసి, నడుమ ఈనె మాత్రం నీళ్ళ గిన్నెలో వేస్తుంది. బుట్టెడు గీరితే గుప్పెడు కూర వస్తుంది. రెమేదియోస్ అంటే స్పానిష్‌లో మందులనే అర్థం. పేరుకు తగ్గట్టు కిటికీలో వరసగా సీసాలున్నాయి: ఆయాసానికొకటి, రక్తపోటుకొకటి, గొంతుకని ఎవరో ఇచ్చిన తేనె ఒకటి.

"రా నోటరీ, కూర్చో. చాకు ఇస్తా, నువ్వూ గీకు."

"గోళ్ళత్తా."

"ఓహో, గోళ్ళు! మర్చేపోయాన్రా. ప్రసవించిన మహారాణిలా కూర్చో అయితే."

తీగలు మీటేటప్పుడు విరక్కుండా ఇసీద్రో కుడిచేతి గోళ్ళకు పట్టుగుడ్డ పేలికలు జిగురుతో అంటించి ఉన్నాయి. ఆదివారం దాకా ఆ చెయ్యి గిన్నె తోమకూడదు, గొళ్ళెం తియ్యకూడదు. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు, వేరెవరిదో చెయ్యి తన దగ్గర దాచమని ఇచ్చినట్టు.

"నిన్న ఆ సన్నటాయన నా వైపు చెయ్యూపుతుంటే ఈగల్ని తోలుకుంటున్నాడనుకున్నా," అంది అత్త. "పాడేటప్పుడు ఆయన చెయ్యి చూడాలా, నీ చెయ్యి చూడాలా?"

"అత్తా, నిన్న సంగతే మాట్లాడదామని..."

"ఎందుకు నవ్వార్రా వాళ్ళు?"

ఇసీద్రో ఒక ముల్లాకు తీసుకుని ఎడం చేత్తో తిప్పాడు. "వాళ్ళకి కాపో ఉండదత్తా."

"ఉండదా?" అత్త చాకు ఆపింది. నిజంగా జాలిపడింది. "మరి పాడేవాళ్ళకి జలుబు చేస్తే?"

"వేరేవాళ్ళని తెచ్చుకుంటారు."

అది మొదటి వాక్యం. రెండో వాక్యం నాలుక మీదే ఉంది. అత్త దాన్ని బయటికి రానివ్వలేదు. తెలిసే చేసిందో తెలియక చేసిందో గానీ, పక్కగది తలుపు మీద వేలాడుతున్న నల్లగౌను చూపించి చెప్పడం మొదలుపెట్టింది.

"పక్కింటి పాకా కుట్టింది. వీధి వీధంతా వస్తోంది ఆదివారం. చర్చికి రానివాళ్ళు కూడా వస్తున్నారు. చూడరా, నేను పెళ్ళిళ్ళలో పాడా, చావుల్లో పాడా, దొరబాబులు తాగుతుంటే తెల్లార్లూ పాడా. వాళ్ళు నా కోసం కూర్చోలేదు, సీసా కోసం కూర్చున్నారు. పాట కోసమే టిక్కెట్టు కొనుక్కుని నోరు మూసుకుని కూర్చునే జనం ముందు ఒక్కసారీ పాడలేదు. ఈ ఒక్కటీ అయిపోతే చాలు. గొంతు అద్దె కొంప, ఎప్పుడు ఖాళీ చెయ్యమంటాడో ఆ ఇంటాయన."

మళ్ళీ చాకు అందుకుంది. ముళ్ళు గీరుతూ, నోట్లోనే అన్నట్టు, సిగిరియా ఎత్తుకుంది.

*తలుపు తీసే ఉంచాను తల్లీ,*
*లోపల ఎవరూ లేరు, నేను కూడా.*

గిటారు లేదు. ఇసీద్రో ఎడంచేతి మెటికలు వాటంతటవే బల్లను తట్టడం మొదలుపెట్టాయి. రెండు పొట్టి దెబ్బలు, రెండు పొడుగు, ఒక పొట్టి. పాటకు పక్కవాద్యం వాయించి అతనికి పదకొండేళ్ళయింది. కచేరీలు పెద్దవయ్యాక పక్కనుంచి మధ్యలోకి జరిగాడు. మెటికలు ఆ సంగతి పట్టించుకోలేదు. అత్త గొంతు మూడో మెట్టు మీద, రెండంతస్తులు దిగి వచ్చి నేల మీద కూర్చున్న మనిషిలా ఉంది. పైన ఉన్నప్పటి మెరుపు లేదు. మెరుపు ఉన్నప్పుడు కనపడనివి కనపడుతున్నాయి.

'ఎవరూ లేరు' దగ్గర అత్త ఊపిరి ఆగింది. ఇక్కడే సెల్లోలు మొదలవ్వాలి. ఇసీద్రో తలలో అవి సరిగ్గా సమయానికి మొదలయ్యాయి. అత్త మాత్రం అక్కడ లేదు. ఒక ముల్లు గుచ్చుకుంది, వేలు చప్పరించింది, కిటికీ వైపు చూసింది, అప్పుడు 'నేను కూడా' అంది. ఎంతసేపు ఆగిందో లెక్క లేదు. మెటికలు ఆగి ఎదురుచూశాయి. తలలోని సెల్లోలు ఆగలేదు. నాలుగు తాళపు గదులు ముందుకు వెళ్ళిపోయి, తిరిగి చూడకుండా, చాలా అందంగా మోగుతున్నాయి.

రెండో వాక్యం చెప్పకుండానే లేచాడు.

"ఏదో మాట్లాడాలన్నావ్?"

"ఆదివారం పన్నెండున్నరకి అత్తా. పన్నెండుకల్లా వచ్చెయ్."

"అది చెప్పడానికి ఇంత దూరం నడిచొచ్చావా? ముసలాడివైపోయావురోయ్."

వాద్యబృందం కాగితాలకు కాపలా ఎన్‌కర్నా అనే లావుపాటి ఆవిడ. థియేటరు నేలమాళిగలో, పెట్టెల మధ్య కూర్చుని, ఎవరి కాగితం ఎవరి స్టాండు మీద ఉండాలో చూస్తుంది. తీగవాద్యాలవాళ్ళు ఇద్దరికొకటి పంచుకుంటారు కాబట్టి అరవై రెండు మందికి ముప్పై తొమ్మిది కట్టలు. ఆ మధ్యాహ్నం ఇసీద్రో వాటన్నిటినీ బల్ల మీద పెట్టమన్నాడు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"రెండో భాగం కొట్టేస్తున్నాను. టాసెట్ అని రాయాలి."

వాయించకుండా ఊరికే కూర్చోమని చెప్పే మాట అది. ఎన్‌కర్నా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"ముప్పై తొమ్మిదింటిలోనా? మా ఆయనకి పాతికేళ్ళుగా ఇదే రాసిస్తున్నా. ఒక్కపూట పాటించిన పాపాన పోలేదు."

ఇసీద్రో జేబులోంచి కలం తీశాడు. ఆవిడ దాన్ని లాక్కుని పెన్సిలు ఇచ్చింది.

"నా కాగితాల మీద సిరా పడదు. సిరాతో కొట్టేసినవాళ్ళంతా మర్నాడొచ్చి బ్లేడు అడుగుతారు."

మొదటి వయొలిన్ల కట్ట తెరిచాడు. తన చేతిరాతలోంచి అచ్చుకు ఎక్కిన గీతలు, చుక్కలు, తోకలు. ఫలానా తాళపు గదిలో విల్లు మెల్లగా ఎత్తమని రాయడానికి వారం ఆలోచించాడు. పేజీ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా ఒక గీత, పైన ఒక మాట. తర్వాతి పేజీ. ఇరవై కట్టలయ్యాక మణికట్టు పట్టేసింది. పట్టు గోళ్ళతో పెన్సిలు సరిగా నిలవడం లేదు. ఎన్‌కర్నా ఏమీ అడగకుండా మిగిలినవి తన ముందుకు లాక్కుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే పంతుళ్ళలా, మూడేళ్ళ పనిని గంటన్నరలో కొట్టేశారు. సెల్లోల కాగితం దగ్గర ఇసీద్రో ఒక్క నిమిషం ఆగాడు. అంతే.

శనివారం లెయాంద్రో గొంతు మొదటిసారి కాస్త పైకి లేచింది.

"నాకు చెప్పకుండానా?"

"చెబితే మీరు వద్దనేవారు."

"వద్దనే అంటున్నాను! ఈ కచేరీకి గుండెకాయ అది. మ్యూనిక్ ఆయన వచ్చేది దానికోసం. పాడేమనిషిని మార్చండయ్యా అంటే పాటనే తీసేస్తారా?"

"పాట ఉంది. అత్త ఉంది, నేనున్నాను. వాద్యబృందమే లేదు."

"నా అరవై రెండు మందీ ఏం చెయ్యాలి?"

"కూర్చోవాలి."

"ఎన్ని నిమిషాలు?"

"ఆవిడ ఎంతసేపు పాడితే అంతసేపు."

"రేడియోవాళ్ళు నిమిషాలు అడుగుతారు మాస్టారూ!"

"ఆరు నుంచి పదిహేను మధ్యలో అని చెప్పండి."

లెయాంద్రో కుర్చీలో కూలబడ్డాడు. తాళం చూపే బెత్తాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "సెల్లోల ప్రవేశం," అన్నాడు, మెల్లగా. "నేనీ ఉద్యోగంలో వాయింపించినవాటిలో నాకు బాగా నచ్చిన చోట్లలో అదొకటి. మీకు చెప్పలేదనుకుంటా."

"చెప్పలేదు."

"కొట్టేసే హక్కు రాసినవాడికుంది. కానివ్వండి."

ఈ మనిషిని తిట్టుకోవడానికి ఒక్క కారణమైనా ఉంటే బాగుండేదని ఇసీద్రోకు అనిపించింది. అలసటకు కోపం మంచి ఊతకర్ర. అదీ దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. ముందు వరసల్లో అత్తరు, పై బాల్కనీలో శాంతియాగో వాడ. మొదటి భాగం బాగా వచ్చింది. చప్పట్లు కొట్టకూడని చోట బాల్కనీ చప్పట్లు కొట్టింది, ముందు వరసలు తలెత్తి చూశాయి. అప్పుడు అత్త వచ్చింది, నల్లగౌనులో, జమ్ముతో అల్లిన కుర్చీ వైపు ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ. వాద్యబృందం విళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. లెయాంద్రో బెత్తాన్ని స్టాండు మీద పెట్టాడు. ఇసీద్రో కాపోను మూడో మెట్టు మీద బిగించి, తీగలు సరిచూసుకుని, ఆవిడ వైపు తిరిగాడు.

అత్త వంగి చెవిలో చెప్పింది. "ఐదులో పెట్టు."

"ఏంటత్తా?"

"పొద్దున లేచేసరికి గొంతు తెరుచుకుంది. నువ్వు పెట్టరా."

మెట్టు దిగిందనుకున్న మనిషి మెట్టెక్కి కూర్చుంది. ఇసీద్రో కాపో వదులు చేసి, రెండు మెట్లు పైకి జరిపి, బిగించాడు. మొదటి మీటు మీటాడు.

ఆ శ్రుతి లెయాంద్రోకు తెలియకుండా ఎలా ఉంటుంది! తల గిరుక్కున తిరిగింది. బెత్తం మళ్ళీ చేతిలోకి వచ్చింది. ఆయన సెల్లోల వైపు చూశాడు. వాళ్ళకూ తెలిసింది. ఒళ్ళో పడుకున్న విళ్ళు ఒకటొకటిగా లేచాయి. కాగితాల మీద ఉన్నది పెన్సిలు గీతే, దాని కింద ప్రతి చుక్కా కనబడుతోంది. నాలుగు రోజులు సాధన చేసిన చేతులు. ఒక్క కనుసైగ చాలు. మ్యూనిక్ ఆయన నాలుగో వరసలో ఉన్నాడు. రేడియో మైకులు తలల మీద వేలాడుతున్నాయి. మూడేళ్ళు గాల్లో విళ్ళ కొసల మీద నిలబడి ఉన్నాయి.

అత్త 'అయ్' అని ఎత్తుకుంది. పై స్వరం అందింది. అందడమేమిటి, అక్కడే పుట్టినట్టుంది. బాల్కనీలో ఎవరో మూలిగారు. మొదటి పాదం వచ్చింది, 'ఎవరూ లేరు' వచ్చింది, ఊపిరి ఆగింది. లెయాంద్రో చెయ్యి పైకి లేచింది. కనుబొమలు ఇసీద్రోను అడిగాయి.

శ్రుతి కుదిరింది. కానీ అత్త ఆగిన ఆ చోటు ఎంత పొడుగో ఇంకా ఎవరికీ తెలియదు. ఆవిడ కళ్ళు ఎక్కడో కిటికీ లేని గోడ మీద ఉన్నాయి. సెల్లోలు మొదలైతే ఇక ఆగవు. అందంగానే మోగుతాయి, సమయానికే మోగుతాయి. ఆవిడ వాటిని అందుకోవడానికి పరిగెత్తాలి.

ఇసీద్రో తల అడ్డంగా ఊపాడు.

లెయాంద్రో చెయ్యి ఒక క్షణం గాల్లోనే ఉంది. తర్వాత దిగింది. తీగలవాళ్ళంతా విళ్ళు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఇసీద్రో వేళ్ళు తీగల మీద నిలిపి ఎదురుచూశాడు. అత్త తనకు కావలసినంతసేపు ఆగి, అప్పుడు మిగిలిన మాట అంది.

పదకొండు నిమిషాలు పట్టింది.

అంతా అయ్యాక మ్యూనిక్ ఆయన వేదిక వెనక్కి వచ్చి రెండు చేతులతో ఇసీద్రో ఎడంచెయ్యి ఊపాడు. మొదటి భాగం అద్భుతమన్నాడు. చివరి భాగం కూడా. రెండోదాంట్లో అచ్చువెయ్యడానికి ఏముందని చాలా మర్యాదగా అడిగాడు. ఏమీ లేదన్నాడు ఇసీద్రో. ఉత్తరం రాస్తానని వెళ్ళిపోయాడాయన. ఉత్తరంలో ఏముంటుందో ఆయన వీపు మీదే కనబడింది.

గిటారు పెట్టెలో పెట్టి మూత వేస్తుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది, బూట్లు విప్పి పాదాలు నొక్కుకుంటూ. వీధి వీధంతా ఆవిడ చెంపల మీద ముద్దులు పెట్టి వెళ్ళింది. రెండు చెంపలూ పెదవి రంగుతో గులాబీలయ్యాయి.

"ఒరే, ఆ పిల్లలంతా ఎందుకు వాయించలేదురా? విళ్ళు ఎత్తారు కూడా, నేను చూశా."

"వింటున్నారత్తా."

అత్త ఒక బూటు చేతిలోకి తీసుకుంది.

"విన్నందుక్కూడా ఉద్యోగాలిస్తారేవిట్రా ఇక్కడ?"

"ఏమో అత్తా," అన్నాడు ఇసీద్రో. "నేనూ ఇవాళే చేరాను."